అంకన్న ఉన్నాడు, బతికే ఉన్నాడు

మద్రాసు, వేపేరి
5 ఆగస్టు 1936

చిరంజీవి చెంచులక్ష్మిని మేనమామ నాగులు దీవించి వ్రాసేది.

ఈ ఉత్తరాన్ని మా అక్క గోవిందమ్మకు, లింగయ్య బావకు, మీ అవ్వ అలివేలమ్మ గారికి నింపాదిగా చదివి వినిపించు. మంచి వార్త ముందు, పనులు తరువాత.

మొన్న ఆదివారం ఇక్కడ జరిగిన పది మైళ్ల పరుగుపందెంలో నీ తమ్ముడు అంకన్న మొదటివాడుగా వచ్చినాడు. మా పశువైద్య కళాశాలకు ఎనిమిది పొట్టేళ్లను రైలులో తెచ్చి అప్పగించి వెళ్లవలసినవాడు, నా మాట మీద రెండు నెలలుగా నా గదిలోనే ఉన్నాడు గదా. నలభై ఒక్క మంది పరుగెత్తినారు. వారిలో చాలామందికి బూట్లున్నాయి, మనవాడికి అరికాళ్లున్నాయి. బహుమతిగా ఇచ్చిన వెండిపూత కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, "మామా, దీంట్లోకి పితికితే ముప్పావు సేరు పాలు పడతాయి" అన్నాడు. నేను నీళ్లు పోసి కొలిచి చూసినాను. సరిగ్గా ముప్పావు సేరే.

ఇక పని. ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉన్న సైగాను పట్టణంలో జనవరి పదిహేడున పన్నెండు మైళ్ల పందెం ఉంది. అక్కడి క్రీడాసంఘం మద్రాసు నుండి ముగ్గురిని పిలిచింది. వారిలో అంకన్న ఒకడు. పుదుచ్చేరి రేవులో డిసెంబరు ఇరవైయారున ఓడ ఎక్కాలి. అది తప్పితే పందెం తప్పినట్లే.

పరాయి దేశానికి పోవాలంటే పాసుపోర్టు అనే చిన్న పుస్తకం కావాలి. ఫలానా మనిషి ఉన్నాడు, మా మనిషే, మంచివాడే అని మన ప్రభుత్వం పరాయి ప్రభుత్వానికి ఇచ్చే హామీ అది. దాని మీద ఫ్రెంచి వారు వీసా అనే అనుమతి ముద్ర వేస్తారు. పుస్తకం లేనిదే ముద్ర లేదు; ముద్ర లేనిదే ఓడ లేదు. అందుకని అంకన్న పుట్టిన తేదీ, ఒంటి మీద మాసిపోని గుర్తులు, మునసబు సుబ్బయ్య గారి సంతకంతో ఒక యోగ్యతాపత్రం నాకు పంపించు. గుర్తుల కొలతలు నేను తీసుకొంటాను. అవి ఎట్లా పడినవో మాత్రం అక్కను అడిగి వ్రాయి.

కర్నూలు కలెక్టరు కచ్చేరి ద్వారా ఒక ప్రభుత్వోద్యోగి ఊరికి వచ్చి విచారిస్తాడు. మర్యాదగా కూర్చోబెట్టి, అడిగినదానికి జవాబు చెప్పండి.

మీ క్షేమం కోరే మామ,
నాగులు


ఊటపల్లె, రాచర్ల దగ్గర
17 ఆగస్టు 1936

మామకు చెంచులక్ష్మి దండాలు పెట్టి రాసేది. ఇక్కడ మనుషులం, మేకలం అందరం బాగున్నాము. మా ఇంటాయన గొర్రెలమందతో కృష్ణ ఒడ్డుకు మేపుకు పోయినాడు. వానలు వెనుకబడితే ఇంకా ఆలస్యంగా వస్తాడట.

తమ్ముడు గెలిచిన సంగతి చదవగానే నాయన బయటికి పోయి, పక్కింటి కాశమ్మ అత్తతో, "మావాడు మద్రాసోళ్లను దాటుకొని పోయినాడంట" అని ఏదో మామూలు మాటలాగా చెప్పి వచ్చినాడు. సాయంత్రానికి అదే మాట ఆరు ఇళ్లలో చెప్పినాడు.

పుట్టిన తేదీ దగ్గర రెండు దినాలు గొడవ నడిచింది. "కంభం చెరువు అలుగు పారిన ఏడు, నల్లమేక రెండు పిల్లలేసిన పొద్దు పుట్టినాడు" అన్నది అమ్మ. "నల్లది యాడిది? అప్పటికే అమ్మేసినాము. ఈనింది బొల్లిది" అన్నాడు నాయన. చివరకు నాకు చదువు చెప్పిన సీమోను అయ్యవారు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏ మేకనూ నమ్మకుండా, అలుగు పారిన ఏటిని పట్టుకొని 1916 అక్టోబరు 9 అని తేల్చినారు. ఎడమ కాలి మచ్చ పొట్టేలు పొడిచినది. పందెం కట్టి దానితో ఢీకొన్నాడట.

సుబ్బయ్య మామ యోగ్యతాపత్రం ఇచ్చినాడు, దీనితో పంపుతున్నాను. అవ్వ మాత్రం దిగులుగా ఉంది. "నీళ్ల మీద పోయేటోడికి ఆయుస్సు గట్టిగా ఉండాల" అంటున్నది. ఆయుస్సుకు కూడా ఏమైనా పత్రం దొరుకుతుందేమో కనుక్కోమంది.

మీ కోడలు,
చెంచులక్ష్మి


మద్రాసు
3 సెప్టెంబరు 1936

చిరంజీవి చెంచులక్ష్మికి.

నీ జాబు, సుబ్బయ్య గారి పత్రం అందినవి. మచ్చ మోకాలికి నాలుగున్నర అంగుళాల కింద ఉంది, పొడవు అంగుళం పావు. దరఖాస్తు నిన్న ఇచ్చివచ్చినాను. ఫొటో తీయించుకొనేటప్పుడు అంకన్న ఊపిరి బిగబట్టి నిలబడినాడు. ఎందుకురా అంటే, "కదిలితే ఇంకొకడనుకుంటారేమో" అన్నాడు.

సాధన బాగా సాగుతున్నది. తెల్లవారగానే సముద్రపు ఇసుకలో ఆరు మైళ్లు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి నలభై ఎనిమిది. మంచి గుర్రానికి నలభై ఉంటుంది, కనుక నాకు తృప్తిగానే ఉంది. ఒక్కటే ఇబ్బంది. చేతిలో కర్ర లేకపోతే చేయి ఖాళీగా ఉన్నదని అంటాడు. పందెంలో కర్ర పనికిరాదు గనుక, రుమాలును మడిచి చుట్టి పట్టుకోమన్నాను. ఇప్పుడు సర్దుకొన్నాడు.

మొన్న రేవు దగ్గర పరుగెత్తుతుండగా ఒక కాకి వచ్చి నేరుగా వాడి నడినెత్తిన తన్ని పోయింది. వాడు దానికంటే జోరుగా పరుగెత్తి నవ్వుతూ వచ్చినాడు. ఈ కాకి సంగతి అవ్వకు చెప్పవద్దు.

విచారణకు వచ్చేవారిని గౌరవించండి.

నాగులు


ఊటపల్లె
27 సెప్టెంబరు 1936

మామకు చెంచులక్ష్మి దండాలు.

మొదట ఒక శుభవార్త. తమ్ముడికి రాబోయిన ఒక గండాన్ని ఊరంతా కలిసి తప్పించినాము.

మూడు దినాల కిందట, పాలు పితికే వేళకు, ఖాకీ బట్టల కానిస్టేబులు ఒకాయన సైకిలు మీద వచ్చినాడు. పేరు కాటమరాజు, ముండ్లమూరు మనిషి. దిగీ దిగకముందే, "ఈ ఊర్లో లింగయ్య కొడుకు అంకన్న ఎవరు?" అన్నాడు. మీకు జ్ఞాపకముండే ఉంటుంది, మూడేళ్ల కిందట మేకలు నల్లమల అడవి హద్దు దాటినప్పుడు ఎవరో పేరు చెప్పబట్టి తమ్ముడు రెండు దినాలు స్టేషనులో కూర్చున్నాడు. అప్పటినుంచి ఊరికి ఒక కట్టు ఉన్నది. ఖాకీ బట్టలు వచ్చి ఎవరి పేరు అడిగినా, ఆ పేరు గలవాడు ఊర్లో ఉండడు.

కాశమ్మ అత్త, "అంకన్నా? ఆ పేరే యినలేదు సామీ" అన్నది. ఆమె సొంత కొడుకు పేరు కూడా అంకన్నే. నాయన, "లింగయ్యను నేనే. నాకు కొడుకుల్లేరు సామీ, ఉండేది ఇదొక్కతే" అని నన్ను చూపించినాడు.

అప్పుడు అవ్వ గడప దాటి వచ్చి కూలబడి, "ఉండె నాయనా, బంగారట్లాంటోడు. వాంతిభేదులతో పోయినాడు. అందుకే మావాడు కొడుకుల్లేరంటాడు" అని ఏడుపు మొదలుపెట్టింది. ఎంత బాగా ఏడ్చిందంటే, వాడు మద్రాసులో ఉన్నాడని తెలిసిన నాకు కూడా కళ్లు తడిసినాయి. కాటమరాజు టోపీ తీసి కండ్లు తుడుచుకొన్నాడు. తరువాత సుబ్బయ్య మామ వైపు తిరిగి, "చావు జరిగితే జనన మరణాల పుస్తకంలో ఎందుకు ఎక్కించలేదు?" అని గద్దించినాడు. మామ చెమటలు కక్కుతూ పుస్తకం తీసి, "ఏ తేదీ?" అన్నాడు. అవ్వ, "ఏదో ఒక ఆదివారం రాయి నాయనా" అన్నది. ఆగస్టు రెండు అని రాసినాడు.

అవ్వ ఇట్ల చేయడానికి ఇంకొక కారణం ఉన్నది. మీరు "అవ్వకు చెప్పవద్దు" అని రాసిన మాట కాకి మాట తరువాత ఉన్నది మామా. నేను పైకి చదువుతాను గనుక కాకి ముందే వచ్చేసింది. కాకి నెత్తిన తన్నితే, ఆ మనిషి పోయినాడని ఎవరికైనా అబద్ధం చెప్పాలి గదా. విన్నవాళ్లు నిజమనుకొని ఏడిస్తే గండం తప్పుతుంది. మన చుట్టాలందరికీ వాడు మద్రాసులో ఉన్నాడని తెలుసు, ఎవరు ఏడుస్తారు? అవ్వ తెలియని మనిషి కోసం మూడు వారాలుగా వెతుకుతున్నది. దేవుడే కాటమరాజును పంపినాడంటున్నది.

మీరు చెప్పిన ప్రభుత్వోద్యోగి మాత్రం ఇంకా రాలేదు. మంచం మీద కొత్త గొంగడి పరిచి, రోజూ మజ్జిగ తోడు పెట్టి చూస్తున్నాము.

చెంచులక్ష్మి


మద్రాసు
6 అక్టోబరు 1936

చిరంజీవి చెంచులక్ష్మికి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. రెండవసారి కూడా అట్లాగే ఉంది.

అమ్మా, ఆ కానిస్టేబులే మీరు ఎదురుచూస్తున్న ప్రభుత్వోద్యోగి. పాసుపోర్టు విచారణ పోలీసుల ద్వారానే జరుగుతుంది. ఆ ఒక్క మాట నేను వ్రాయలేదు. మచ్చను పావు అంగుళం దాకా కొలిచిన నేను, వచ్చేవాడి బట్టల రంగు చెప్పడం మరిచినాను. కనుక తప్పు నాది. అవ్వను ఎవరూ ఏమీ అనవద్దు.

నిన్న ఇక్కడి కార్యాలయంలో గుమాస్తా నాకు కాగితం చూపించినాడు. అంకన్న ఆగస్టు రెండున మరణించినట్లు అందులో ఉంది. ఆ రోజున వాడు పది మైళ్లు పరుగెత్తి కప్పు తెచ్చుకొన్నాడని మనవి చేసినాను. "అయితే మీ పక్కన నిలబడిన ఈ మనిషి ఎవరు?" అని గుమాస్తా అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. కొత్త నివేదిక వస్తే తప్ప పుస్తకం ఇవ్వరు.

అందరూ స్టేషనుకు వెళ్లి నిజం చెప్పండి. తడబడకుండా ఉండేందుకు ఒక వాక్యం వ్రాసి ఇస్తున్నాను: "అంకన్న లింగయ్య కుమారుడు, సజీవుడు, సచ్ఛీలుడు." ఇది చెప్పితే చాలు.

అంకన్నకు నేను అంతా చెప్పినాను. "అవ్వ బాగా ఏడ్చిందంటనా?" అని అడిగినాడు. బాగా ఏడ్చిందన్నాను. సంతోషించినాడు.

నాగులు


ఊటపల్లె
21 అక్టోబరు 1936

మామకు చెంచులక్ష్మి దండాలు.

మీరు చెప్పినట్లే చేసినాము. దానితోనే చిక్కు వచ్చింది.

ముప్పై ఇద్దరం గిద్దలూరు పోయినాము. దారి పొడుగునా మీ వాక్యాన్ని నేను చెప్పడం, వాళ్లు అనడం. స్టేషనులో కొత్తగా వచ్చిన సబ్ఇన్స్పెక్టరు గారు ఒక్కొక్కరినే పిలిచి అడిగినారు. ముప్పై ఒక్కమంది చేతులు కట్టుకొని, "అంకన్న లింగయ్య కుమారుడు, సజీవుడు, సచ్ఛీలుడు" అని చెప్పినాము. పదో మనిషి దగ్గర ఆయన కలం కింద పెట్టినారు. "సచ్ఛీలుడు అంటే ఏమిటయ్యా?" అని నాయనను అడిగినారు. "మాకు తెలీదు సామీ, మా బామ్మర్ది పంపించినాడు" అన్నాడు నాయన.

ముప్పై రెండో మనిషి కాశమ్మ అత్త. ఖాకీ బట్టలు చూడగానే నేర్చిందంతా పోయి, "అంకన్నా? ఆ పేరే యినలేదు సామీ" అన్నది.

కాటమరాజుకు ఇంకా కోపం తగ్గలేదు. "పోయిన నెల నన్ను ఏడిపించినారు. ఈ నెల బతికినాడంటారు. వచ్చే నెల ఏమంటారవ్వా?" అని అడిగినాడు. "అట్ల కాదులే నాయనా, నువ్వు ఏడ్చినందుకే బతికినాడు" అన్నది అవ్వ. దానితో ఆయనకు కోపం పెరిగింది.

సుబ్బయ్య మామ పుస్తకంలో గీత కొట్టేస్తానంటే, తహసీలుదారు హుకుం లేనిదే ఎక్కిన చావును దించకూడదట. మామకు నిద్ర లేదు. నవంబరు వచ్చేస్తున్నది. ఓడ పోతే తమ్ముడి ముఖం నేను చూడలేను మామా. ఏం చేయమంటారు?

చెంచులక్ష్మి


మద్రాసు
2 నవంబరు 1936

చిరంజీవి చెంచులక్ష్మికి.

దిగులుపడవద్దు. వాక్యం నేర్పడం నా రెండవ తప్పు. నిజానికి ఒక్కొక్కరి నోట ఒక్కొక్క రూపం ఉంటుందని నేను తెలుసుకోవలసింది. ఇటువంటి సంగతి మా వైద్యశాలలో రోజూ చూస్తాను. పశువు యజమానులు అందరూ ఒకే మాట చెప్పితే మేమూ నమ్మము.

అంకన్ననే పంపుతున్నాను. పదవ తేదీన గుంతకల్లు మీదుగా గిద్దలూరులో దిగుతాడు. కప్పు, పందెం నాటి దినపత్రిక వాడి సంచిలో ఉన్నాయి. ఈసారి ఎవరికీ ఏమీ నేర్పడం లేదు. మీ మాటలు మీరు మాట్లాడండి. కాకి సంగతి కూడా దాచవద్దు.

పదిహేను దినాలు సాధన పోతుంది. అయినా ఆ కొండ దారులలో రోజుకు రెండుసార్లు పరుగెత్తమని చెప్పు. దూకుడు తగ్గకుండా ఏదో ఒక మేకను ముందు పెట్టుకొన్నా అభ్యంతరం లేదు.

నాగులు


ఊటపల్లె
15 నవంబరు 1936

మామకు చెంచులక్ష్మి వేయి దండాలు.

తమ్ముడు దిగిన నాడే నేరుగా స్టేషనుకు పోయి, "నేను చచ్చిపోయిన అంకన్నను సార్" అన్నాడట. సబ్ఇన్స్పెక్టరు గారు ఫొటో చూసి, మచ్చ చూసి, పత్రిక చూసి, "అంతా సరిపోయింది. కానీ మీ ఊరిని నమ్మేదెట్లా? నేనే వస్తాను" అని కాటమరాజును వెంటబెట్టుకొని సైకిలు తీసినారు. "నేను ముందు పోయి చెప్తాను సార్" అని వీడు బయలుదేరినాడు. దారిలో ఆయన వీడిని దాటాలని ఎంతో తొక్కినారట. ఊరికి వచ్చేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. వీడు అప్పటికే కాళ్లు కడుక్కొని, మజ్జిగ చెంబుతో ఎదురు నిలబడినాడు.

ఆయన మజ్జిగ తాగి, గొంగడి మీద కూర్చొని, "ఇక ఇతను పరుగులవాడేనా అని అడగను. చనిపోయాడని ఎందుకు చెప్పారో అది చెప్పండి" అన్నారు. అవ్వే ముందుకు వచ్చి, మేకల సంగతి, అడవి హద్దు సంగతి, చివరకు కాకి సంగతి అంతా చెప్పింది. "సముద్రం మీద పోయే పిల్లోడు నాయనా. కాకి తన్నినాక ఎట్ల పంపేది? ఎవరో ఒకరు ఏడవాల గదా" అన్నది.

ఆయన ఖాళీ చెంబును కింద పెట్టినారు. తరువాత, "నా తొమ్మిదో ఏట మా అమ్మ కూడా నన్ను ఇలాగే చంపింది. మా మేనత్త పన్నెండు మైళ్లు ఏడుస్తూ నడిచి వచ్చి, నేను అరుగు మీద జామకాయ తింటుంటే చూసి రెండు తగిలించింది" అన్నారు. కాటమరాజు మొదటిసారి నవ్వినాడు.

అక్కడే కూర్చొని నివేదిక రాసినారు. "దేశాచారాన్ని బట్టి, ఆయుర్దాయం కోరి, దురుద్దేశం లేకుండా పలికిన మరణవార్త, మనిషిని నేను స్వయంగా చూచితిని" అని చదివి వినిపించినారు. కాటమరాజును సాక్షి సంతకం చేయమన్నారు. అతను సంతకం చేసి, "నా ఏడుపు ఊరికే పోలేదు, అంతే చాలవ్వా" అన్నాడు.

పుస్తకంలోని చావు మాత్రం అట్లాగే ఉన్నది. తహసీలుదారు గారు ఊరూరా తిరిగి వచ్చేసరికి సంక్రమణం దాటుతుందట. పాసుపోర్టుకు నివేదిక చాలునన్నారు.

తమ్ముడు రేపు బయలుదేరుతున్నాడు.

చెంచులక్ష్మి


పుదుచ్చేరి
27 డిసెంబరు 1936

చిరంజీవి చెంచులక్ష్మికి.

ఓడ నిన్న మధ్యాహ్నం రెండుగంటల పది నిమిషాలకు కదిలింది. అంకన్న దానిలో ఉన్నాడు. ముందుగా ఇది చెప్పి, తక్కినది చెపుతాను.

పాసుపోర్టు ఇరవైరెండున చేతికి వచ్చింది. ఫ్రెంచి వారి ముద్ర ఇరవైనాలుగు సాయంత్రం, కచ్చేరి తలుపులు మూసే వేళకు పడింది. ఆ రెండు దినాలు నాకు అన్నం సయించలేదని నీతో మాత్రమే చెపుతున్నాను. పుస్తకం మొదటి పుట మీద తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు వ్రాసి ఉంటే నా చేత మూడుసార్లు చదివించుకొన్నాడు. "మామా, నేనుండానని ఎంత చక్కగా రాసినారు" అన్నాడు.

ఓడ మెట్లు ఎక్కేముందు చేయి ఖాళీగా ఉన్నదన్నాడు. రుమాలు ఇంటి దగ్గర మరిచినాడు. నా గొడుగు ఇచ్చినాను. ఎండలో తిరిగి వస్తూ ఉంటే అది లేని లోటు తెలిసింది; గదికి వెళ్లినాక వాడు లేని లోటు కూడా తెలుస్తుంది.

ఫలితాన్ని నేను టెలిగ్రాము ద్వారా తెలియజేస్తాను. ఈసారి జాగ్రత్తగా వ్రాస్తున్నాను. ఖాకీ బట్టల మనిషి సైకిలు మీద వస్తాడు. భుజాన తోలు సంచి ఉంటుంది. అతడు పోలీసు కాదు, తంతి జవాను. లింగయ్య బావ పేరు అడుగుతాడు. దయచేసి ఉన్నాడని చెప్పండి. అంకన్న చనిపోయినాడని ఎవరూ చెప్పవద్దు.

నాగులు


ఊటపల్లె
20 జనవరి 1937

మామకు చెంచులక్ష్మి దండాలు పెట్టి రాసేది.

నిన్న పొద్దెక్కేసరికి ఖాకీ బట్టలు, సైకిలు, తోలు సంచి కనిపించినాయి. జవాను కాలు నేల మీద పెట్టకముందే ఊరంతా చుట్టుముట్టింది. అందరికంటే ముందు కాశమ్మ అత్త, "అంకన్న ఉన్నాడు సామీ, బతికే ఉన్నాడు, లింగయ్య కొడుకే, నాకు బాగా తెలుసు" అన్నది. పాపం, ఆ మనిషి "నేను అడగలేదమ్మా" అంటున్నా ఎవరూ వినలేదు.

కాగితం నాయన చేతికి ఇచ్చి ఆయన పోయినాడు. అది ఇంగ్లీషులో ఉంది. నాకు రాదు, ఎవరికీ రాదు. అప్పటిదాకా సంబరంగా ఉన్న ఊరు ఒక్కసారిగా చప్పబడింది. మా ఊరికి ఇంతకుముందు తంతి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ చావు కబురే. మీ ఉత్తరం నా పెట్టెలోనే ఉంది, అయినా నేను కూడా ఆ మాటే అనుకొన్నాను. ఎవరో ఏడుపు అందుకొన్నారు.

అవ్వ గొంగడి దులుపుతూ బయటికి వచ్చి, "ఏందే మీ ఏడుపు? వాడు ఒకసారి చచ్చినాడు గదా, పుస్తకంలో కూడా ఎక్కె. మళ్లీ ఎట్ల చస్తాడు?" అన్నది. ఏడుస్తున్నవాళ్లు ఆలోచనలో పడి ఆపినారు.

సీమోను అయ్యవారు రాచర్ల నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అద్దాలు తుడుచుకొని చదివినారు. "అంకన్న రెండవవాడు. ఎనభై ఆరు మందిలో. కుశలం." నాయన ఈసారి కాశమ్మ అత్త ఇంటికి పోలేదు. అక్కడే నిలబడి, "ఎనభై నలుగురు వెనకుండారు" అని మూడుసార్లు అన్నాడు, ప్రతిసారీ కొంచెం గట్టిగా.

సాయంత్రం సుబ్బయ్య మామ వచ్చినాడు. తహసీలుదారు గారు వచ్చే వారం రాచర్లలో మకాం చేస్తారట. తమ్ముడు తిరిగి వచ్చి ఒక్కసారి కనబడితే, ఆగస్టు రెండు నాటి చావును కొట్టేసి మనసు తేలిక చేసుకుంటానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు.

"ఉండనీ సుబ్బయ్యా, అది నిన్నేమన్నా తింటున్నాదా?" అన్నది. "రెండోవాడంటే ఇంకా ఒకడు ముందున్నాడు గదా. వాడిని దాటడానికి మావాడు మళ్లీ ఓడెక్కుతాడు. పనికొస్తాది."

మీ కోడలు,
చెంచులక్ష్మి